ఆగిపోయిన రోజు ఎంత దూరం వెళ్లాలి?

పర్లాకిమిడి పిన్ కోడ్ 761200. పాతపట్నం పిన్ కోడ్ 532213. రెండూ మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లే. ఆటో ఎక్కితే కాసేపట్లో ఇటు నుంచి అటు దిగొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. పెళ్లి సంబంధాలు, సంతలు, ఆస్పత్రి ప్రయాణాలు ఆ గీతను పెద్దగా లెక్కచేయలేదు. ల్యాప్‌టాప్ కంపెనీల కస్టమర్ కేర్ మాత్రం లెక్కచేస్తుంది. వారంటీ కోసం ఫోన్ చేస్తే ముందు సీరియల్ నంబరు అడుగుతారు, ఆ వెంటనే పిన్ కోడ్. మెకానిక్ ఇంటికి వస్తాడా, మిషన్ మనమే మోసుకెళ్లాలా, మోసుకెళ్తే బరంపురమా, విశాఖా, భువనేశ్వరా అన్నది ఆ ఆరంకెలను బట్టి తేలుతుంది.

పిల్లలు ప్లస్ టూ (ఇంటర్) దాటి ప్లస్ త్రీలోనో (డిగ్రీ) బీటెక్‌లోనో చేరే వేళకు దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురంలోని తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ: ఏ ల్యాప్‌టాప్ మంచిది? హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మేనమామ ఒక పేరు చెప్తాడు, యూట్యూబ్‌లో చూసినది ఇంకొకటి, షాపువాడు చూపించేది మూడోది. ముగ్గురూ మాట్లాడేది వేగం గురించే. వేగం సంగతి ఇప్పుడు పెద్ద సమస్య కాదు. మధ్యరకం ధరలో దొరికే ఏ కొత్త మిషనైనా విద్యార్థి పనికి చాలావరకు సరిపోతుంది. అసలు ప్రశ్న వేరే ఉంది. రేపు సెమిస్టర్ పరీక్షల ముందు అది ఆగిపోతే మళ్లీ చేతికి ఎన్ని రోజుల్లో వస్తుంది? హైదరాబాద్ మేనమామకు ఈ ప్రశ్న తట్టదు, ఎందుకంటే సర్వీస్ సెంటర్ ఆయనకు మెట్రో దూరం. గుణుపురంలో చదివే కుర్రాడికి అదొక ప్రయాణం, ఒక సెలవు, ఒక్కోసారి ఒక రాత్రి బస.

కాబట్టి ఈ ప్రాంతంలో కొనుగోలు వెనక వైపు నుంచి మొదలవ్వాలి. మోడల్ ఎంచుకుని తర్వాత సర్వీసు వెతుక్కోవడం కాదు, సర్వీసు చూసుకుని అందులోంచి మోడల్ ఎంచుకోవాలి. పెద్ద కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఊరి పేరుతోనో పిన్ కోడ్‌తోనో సర్వీస్ సెంటర్లు వెతికే పేజీ పెడతాయి. అందులో కనిపించిన నంబరుకు ఒక్కసారి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగాలి. ఈ పిన్ కోడ్‌కు మనిషిని పంపుతారా? లేకపోతే మిషన్ తెచ్చిస్తే మదర్‌బోర్డు, స్క్రీన్ లాంటివి అక్కడే మారుస్తారా, వేరే ఊరికి పంపిస్తారా? రెండో ప్రశ్న చాలామంది అడగరు. దగ్గరలో బోర్డు కట్టిన సెంటర్ ఉన్నా, అది మిషన్ తీసుకుని ఇంకో నగరానికి పంపే కౌంటర్ మాత్రమే అయితే, ఆ దగ్గరతనం వల్ల ఒరిగేది కాస్తే.

వారంటీ కాగితం మీద రెండు రకాల మాటలు ఉంటాయి. ఒకటి ‘ఆన్‌సైట్’, అంటే మనిషి ఇంటికి రావడం. రెండోది ‘క్యారీ ఇన్’, అంటే మనం తీసుకెళ్లడం. ఒకే కంపెనీలో ఒక వరుసకు మొదటిది, ఇంకో వరుసకు రెండోది ఉండొచ్చు. ఆఫీసుల కోసం తయారుచేసే వరుసలకు, అంటే లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ప్రో (2025కు ముందు పేరు లాటిట్యూడ్), హెచ్‌పీ ప్రోబుక్ లాంటి వాటికి, ఆన్‌సైట్ దొరికే అవకాశం ఎక్కువ. అవి చూడ్డానికి నల్లగా, బొద్దుగా ఉంటాయి, పిల్లలకు నచ్చవు. కానీ విడి భాగాలు ఎక్కువకాలం దొరుకుతాయి, విప్పడం తేలిక, ఎలా విప్పాలో చెప్పే మాన్యువల్ కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. ఊళ్లోని రిపేరు షాపు కుర్రాడికి ఆ మాన్యువల్ సగం బలం. డబ్బు కొద్దిగా మిగిలితే ఎక్కువ ప్రాసెసర్ మీద కాకుండా వారంటీని మరో రెండేళ్లు పొడిగించుకోవడం మీద పెట్టడం ఈ జిల్లాల్లో తెలివైన ఖర్చు. కింద పడితే, నీళ్లు పడితే కూడా చూసే ప్రమాద రక్షణ ప్లాన్ వేరే ఉంటుంది. దాన్ని కొన్న కొద్ది రోజుల్లోనే తీసుకోవాలి, మిషన్ పడ్డాక తీసుకోవడం కుదరదు.

‘విశాఖలో కొంటే ఇక్కడ వారంటీ చెల్లదు’ అనే మాట సరిహద్దు పొడవునా వినిపిస్తుంది. ఇండియా వారంటీ ఉన్న మిషన్‌కు అది దేశమంతటా చెల్లుతుంది. ఏ రాష్ట్రంలో బిల్లు చేశారన్నది అడ్డు కాదు. దుబాయ్ నుంచి చుట్టం తెచ్చినదైతే అప్పుడు ఆలోచించాలి. కొన్ని కంపెనీలు, కొన్ని వరుసలకే అంతర్జాతీయ వారంటీ ఉంటుంది. ఇంకో మాట, ‘అటు టాక్స్ తక్కువ’. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ తేడా పోయింది. ల్యాప్‌టాప్ మీద 18 శాతం పన్ను ఇటైనా అటైనా ఒకటే. విశాఖకో విజయనగరానికో వెళ్లి కొనడానికి మంచి కారణం వేరే ఉంది: అక్కడ నాలుగు మోడళ్లు బల్ల మీద తెరిచి ఉంటాయి, కీబోర్డు నొక్కి చూడొచ్చు. చిన్న ఊరి షాపులో ఉన్న రెండింటిలో ఒకటి తీసుకోవాల్సి వస్తుంది. అయితే చిన్న ఊరి షాపువాడు రేపు మిషన్ ఆగితే ఫోన్ ఎత్తుతాడు. ఆ ఫోన్ విలువ ఎంతో ఎవరికి వారే లెక్కేసుకోవాలి.

ఇక ఏది ముందు పాడవుతుంది అన్న విషయం. షోరూంలో ప్రాసెసర్ గురించి గంట మాట్లాడతారు గాని, ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ చెడిపోవడం అరుదు. రిపేరు షాపు బల్ల మీదికి వచ్చేవి వేరు: ఊగిపోయిన చార్జింగ్ పిన్ను, పట్టు వదిలిన హింజ్ (మూత కీలు), ఉబ్బిన బ్యాటరీ, టీ తాగిన కీబోర్డు, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాను. కొనేముందు ఇవే చూడాలి. మూతను ఒక మూల పట్టుకుని మెల్లగా తెరిస్తే కింది ప్లాస్టిక్ మెలితిరుగుతోందా? కీబోర్డు మధ్యలో వేలితో నొక్కితే చాప మీద నొక్కినట్టు లోపలికి దిగుతోందా? హింజ్ స్క్రూలు లోహపు చట్రంలోకి కాకుండా ఉత్త ప్లాస్టిక్ బుడిపెల్లోకి దిగిన చవక మోడళ్లలో, రెండో ఏడు మూత తెరిచేటప్పుడు ఆ బుడిపెలు విరుగుతాయి. అప్పుడు స్క్రీన్ అంచు విడిపోయి నోరు తెరుస్తుంది. హాస్టల్లో మంచం మీద రోజుకు ఇరవైసార్లు తెరిచి మూసే మిషన్‌కు అది పెద్ద లోపమే.

ర్యామ్ (పని చేస్తున్నప్పుడు మిషన్ వాడుకునే మెమరీ) విషయంలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు: బోర్డుకు అతికించేశారా, పెంచుకోవడానికి స్లాట్ ఉందా? సన్నగా ఉండే మోడళ్లలో చాలావరకు అతికించేస్తున్నారు. ఎనిమిది జీబీతో కొని తర్వాత పెంచుకుందాం అనుకుంటే స్లాట్ ఉన్నదే కొనాలి. స్లాట్ లేకపోతే, ముందు ముందు ఎక్కువ అవసరమయ్యేవాళ్లు మొదటే పదహారు తీసుకోవాలి, వేరే దారి లేదు. విండోస్ 11కి కంపెనీ చెప్పే కనీసం 4 జీబీ, కానీ అది తెరుచుకోవడానికి సరిపోయే లెక్కే గాని పని చేసుకోవడానికి కాదు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని టోకున ఎగరేసుకుపోతున్నాయి. దాంతో ‘తర్వాత పెంచుకుందాం’ అన్న పాత లెక్క అంత చవగ్గా లేదు. స్టోరేజీ విషయంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) తప్ప ఇంకోటి వద్దు. ఘాట్ రోడ్డు మీద బస్సులో ఎగిరే బ్యాగులో తిరిగే డిస్కు ఉండకూడదు. అతి చవక మోడళ్లలో ఈఎమ్‌ఎమ్‌సీ అని ఉంటే అది ఫోన్ మెమరీ లాంటిది, బోర్డుకు అతికి ఉంటుంది, నెమ్మది. దాన్ని వదిలేయడమే మేలు.

ప్రాసెసర్ స్టిక్కర్ల గురించి ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఏఎమ్‌డీ 7000 వరుసలో నాలుగంకెల్లో మూడోది చూడాలి. రైజెన్ 5 7520యూ అని ఉంటే మూడో అంకె 2, అంటే లోపలి డిజైన్ జెన్ 2. అది 2019లో బజారుకొచ్చిన తరం. రైజెన్ 5 7530యూ అంటే జెన్ 3. ఒక్క అంకె తేడా, ఒకే ‘రైజెన్ 5’ స్టిక్కర్, కానీ మొదటిదానికి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), రెండోదానికి ఆరు. పైగా 7520యూతో వచ్చే ర్యామ్ అతికించినదే, స్లాట్ మాట ఉండదు. షాపులో ఈ రెండూ పక్కపక్కనే, ధరలో కాస్త తేడాతో, ‘రెండూ రైజెన్ ఫైవే సార్’ అన్న మాటతో అమ్ముడవుతుంటాయి. ఇంటెల్ వైపు కూడా పాత తరాన్ని కొత్త పేరుతో తెచ్చారు. 2024లో వచ్చిన కోర్ 5 120యూ అంతకు ముందు తరం చిప్‌కు తొడిగిన కొత్త చొక్కా. దాన్ని కొనడం తప్పు కాదు, కొత్తదని ఎక్కువ ఇవ్వడమే తప్పు.

చదువును బట్టి అవసరం మారుతుంది. ప్లస్ త్రీ ఆర్ట్స్, కామర్స్ వాళ్లకు ఎనిమిది జీబీ, ఎస్‌ఎస్‌డీ, మంచి కీబోర్డు ఉంటే డిగ్రీ అంతా గడిచిపోతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే నమూనా ఫోన్) ఒక్కటి తెరిస్తే చాలు, ఎనిమిది జీబీ చెమటలు కక్కుతుంది, పదహారు ఉండాలి. సివిల్, మెకానికల్ వాళ్లకు ఇంకో మెలిక ఉంది. సాలిడ్‌వర్క్స్, ఈట్యాబ్స్, రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్‌లో తప్ప నడవవు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వివాడో మ్యాక్‌లో ఎక్కదు. అందుకే గుణుపురంలోనో బరంపురం చుట్టుపక్కల కాలేజీల్లోనో ఇంజినీరింగ్ చేసే పిల్లాడికి, ఎంత మంచిదైనా, మ్యాక్‌బుక్ కొనివ్వడం అతనికి రెండో మిషన్ అవసరం సృష్టించడమే. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ అద్భుతం. కానీ ల్యాబ్ పరికరాల పాత డ్రైవర్లు వాటిలో పేచీ పెట్టొచ్చు, కాబట్టి ఇంజినీరింగ్‌కు ఇప్పుడే వాటి జోలికి పోకపోవడం నయం. జేఈఈ, నీట్ కోచింగ్‌లో ఉన్న ప్లస్ టూ పిల్లలకు అసలు ల్యాప్‌టాప్ అవసరమా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. చాలామందికి ఒక ట్యాబ్ చాలు.

గేమింగ్ ల్యాప్‌టాప్ గురించి రెండు మాటలు. ‘త్రీడీ సాఫ్ట్‌వేర్‌కి కావాలి నాన్నా’ అని అడిగి కొనిపించుకునేదానిలో త్రీడీ ఎంత, గేమ్ ఎంత అన్నది ఇంటింటి రామాయణం. దాన్ని పక్కనపెట్టినా, రెండు కిలోలు దాటే మిషన్, ఇటుకంత చార్జరు, కరెంటు పోతే రెండు గంటలకు మించి ఆగని బ్యాటరీ. ఇవన్నీ హాస్టల్ జీవితానికి బరువే.

కరెంటు సంగతికి వస్తే, ఇక్కడ ఒక అనవసర ఖర్చు, ఒక అత్యవసర ఖర్చు తారుమారవుతున్నాయి. లో వోల్టేజీ భయంతో ల్యాప్‌టాప్‌కు స్టెబిలైజర్ కొనేవాళ్లున్నారు. చార్జరు మీద చిన్న అక్షరాల్లో 100–240 వోల్టులు అని రాసి ఉంటుంది. బల్బు ఎర్రగా మిణుకుమిణుకుమంటున్నా చార్జరు తన పని తాను చేసుకుపోతుంది. దానికి స్టెబిలైజర్ అక్కర్లేదు. అసలు ప్రమాదం వోల్టేజీ తగ్గడంలో లేదు, కరెంటు పోయి వచ్చేటప్పుడు, పిడుగు పడేటప్పుడు ఒక్క క్షణం ఎగదన్నడంలో ఉంది. దానికి కావాల్సింది మంచి స్పైక్ గార్డ్. ఆ స్పైక్ గార్డ్ సరిగ్గా పనిచేయాలంటే గోడలో ఎర్తింగ్ ఉండాలి. పాత ఇళ్లలో, అద్దె గదుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. తెలుసుకోవడానికి ఒక సూచన ఉంది: లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో పెట్టి, మణికట్టు ఆనించినప్పుడు సన్నగా జివ్వుమంటే చాలావరకు ఎర్త్ లేనట్టే. చార్జరు లోపలి ఫిల్టర్ నుంచి స్వల్పంగా లీకయ్యే కరెంటు భూమిలోకి దిగాలి, దారి లేక బాడీ మీదే నిలుస్తుంది. మిషన్ పాడైందని షాపుకు పరిగెత్తేవాళ్లు చాలామంది. వాళ్లు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చే అలవాటు కూడా ఇదే తగువు తెస్తుంది.

పిడుగులకు మాత్రం ఏ పరికరమూ పూర్తి హామీ కాదు. కొండ ప్రాంతంలో మబ్బు పట్టి ఉరిమితే ప్లగ్గు పీకడమే మందు. తుపాను రోజులు ఇంకో రకం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. కరెంటు రోజుల తరబడి రాని అనుభవం ఈ తీరానికి కొత్త కాదు. అందుకే టైప్‌సీ పోర్టు ద్వారా చార్జ్ అయ్యే మోడల్ తీసుకోవడం ఇక్కడ విలాసం కాదు. 65 వాట్ల పవర్ బ్యాంకుతో, కారులోని చార్జరుతో దాన్ని బతికించుకోవచ్చు. కంపెనీ చార్జరు పోయినా పక్క గది స్నేహితుడి చార్జరు పనికొస్తుంది. అదే గుండ్రటి పిన్ను చార్జరైతే దాని జత కోసం మళ్లీ బరంపురం బస్సెక్కాల్సిందే. ఒక జాగ్రత్త: టైప్‌సీ రంధ్రం ఉన్నంత మాత్రాన చార్జింగ్ తీసుకోదు, ఆ మోడల్ వివరాల్లో ‘పవర్ డెలివరీ’ అని ఉండాలి.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో కంపెనీ చెప్పే అంకెను నమ్మనక్కర్లేదు. వాట్ అవర్ల అంకె (బ్యాటరీ పట్టే శక్తి) చూస్తే చాలు. నలభై చుట్టూ ఉంటే చిన్నది, యాభై దాటితే బాగున్నట్టు. ఎండాకాలం దాని ఆయువును తినేది వేడి. చాలా ల్యాప్‌టాప్‌ల మాన్యువళ్లలో 35 డిగ్రీల గది వేడి వరకే వాడమని రాసి ఉంటుంది. మే నెలలో రాయగడ రేకుల గదిలో మధ్యాహ్నం ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. పైగా పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూస్తే ఫ్యాను అరిచి గోల పెడుతుంది. గట్టి బల్ల, ఏడాదికోసారి ఫ్యాను శుభ్రం, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే మిషన్‌కు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్. ఈ సెట్టింగ్ పెద్ద కంపెనీల యాప్‌లలో ఉంది గాని అడిగితే తప్ప షాపువాడు చెప్పడు.

సెకండ్‌హ్యాండ్ బజారు పెద్దది, తప్పుపట్టాల్సిన పనీ లేదు. కంపెనీల నుంచి బయటికొచ్చిన పాత థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు సగం ధరకన్నా తక్కువకు దొరుకుతాయి, కొత్త చవక ప్లాస్టిక్ కన్నా గట్టివి. కానీ ఇక్కడో గీత ఉంది. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. థింక్‌ప్యాడ్ టీ470లో ఆరు, ఏడు తరాల చిప్‌లు, టీ480లో ఎనిమిదోది కూడా ఉంటుంది. పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ ఒకటి గీతకు అటు, ఇంకోటి ఇటు. ‘విండోస్ 11 వేసి ఇస్తాం’ అని అమ్మేవాళ్లు పాతదానిలో కూడా దొడ్డిదారిన వేయగలరు. రేపు పెద్ద అప్‌డేట్ ఆగితే దిక్కు ఉండదు. చిప్ నంబరు అడిగి చూడాలి. ఆఫ్ చేసి ఆన్ చేసేటప్పుడు బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అడుగుతోందా, విండోస్ కొత్తగా ఎక్కించాక ఏదో సంస్థ పేరుతో లాగిన్ అడుగుతోందా చూసుకోవాలి. అడిగితే ఆ మిషన్ పాత యజమాని తాళంలోనే ఉంది, దాన్ని వదిలేసి రావడమే. బ్యాటరీ నిజం తెలుసుకోవడానికి విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ ఉంది, షాపులోనే ఎవరితోనైనా తీయించొచ్చు. అందులో రెండు అంకెలుంటాయి: తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండితే పట్టే సామర్థ్యం. రెండోది మొదటిదానిలో ముప్పావు కన్నా తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తీసేయాలి.

డబ్బు సర్దుబాటు దగ్గర ఒక దారి చాలామంది మరిచిపోతారు. కోర్సుకు కంప్యూటర్ అవసరమైతే, తగిన ధరలో దాన్ని కొనడానికి విద్యారుణంలో చోటు ఉంటుంది. ఫీజుల కోసం ఎలాగూ లోన్ తీసుకుంటున్న ఇంట్లో ల్యాప్‌టాప్‌కు విడిగా ఈఎంఐ పెట్టుకునే ముందు బ్యాంకులో అడగడం మంచిది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నది పేరుకే. క్రెడిట్ కార్డు మీద బ్యాంకు వడ్డీ వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తుంది. వడ్డీ మొత్తాన్ని అమ్మేవాడు డిస్కౌంట్‌గా తగ్గించినా ఆ పన్ను కొనేవాడి నెత్తినే ఉంటుంది. ఫ్రీ అంటూ అంటగట్టే యాంటీవైరస్ గురించి మురిసిపోనక్కర్లేదు, విండోస్‌లో ఒకటి ముందే ఉంది. ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కూ అంతే: కాలేజీ మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటే కాలేజీ ఈమెయిల్‌తో వెబ్ ఆఫీస్ ఉచితం.

రెండు లిపుల మధ్య పెరిగే పిల్లలకు ఒక చిన్న వెసులుబాటు కూడా ఉంది. విండోస్‌లో నిర్మలా యూఐ అనే ఫాంట్ ఒక్కటే తెలుగునూ ఒడియానూ చూపిస్తుంది. పాత రోజుల్లో తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ అని విడివిడి ఫాంట్లు ఉండేవి. సెట్టింగ్స్‌లో భాషలు చేర్చుకుంటే తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ కీబోర్డులను రెండు మీటలు కలిపి నొక్కి మార్చుకోవచ్చు. ఒడియాలో ప్రాజెక్టు రాసి, అమ్మమ్మకు తెలుగులో సందేశం పంపే కుర్రాడికి దీని కోసం విడిగా సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు.

పెట్టె మాత్రం షాపులోనే విప్పించాలి. తెల్ల తెర పెట్టి మచ్చలున్నాయా చూడాలి, అన్ని పోర్టుల్లో పెన్‌డ్రైవ్ గుచ్చాలి, పెట్టె మీది సీరియల్ నంబరూ మిషన్ అడుగున ఉన్నదీ ఒకటేనా పోల్చాలి. ఆ నంబరును కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో కనిపిస్తుంది. నెలల తరబడి గోదాములో ఉన్న మిషన్‌కు తేదీ ముందే నడవడం మొదలై ఉండొచ్చు. బిల్లు చూపిస్తే కొన్న తేదీకి సరిచేస్తారు, కానీ అది అడగాల్సింది కొన్న వారంలో, పాడయ్యాక కాదు. ఆ బిల్లు థర్మల్ కాగితం మీద ఇస్తే ఏడాది తిరిగేలోపు బీరువాలోనే అక్షరాలు వెలిసిపోతాయి, కాబట్టి షాపు మెట్లు దిగకముందే ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి.